తొమ్మిదో తరగతిలో ఆట ఆపించకండి

బైలదిల్లా పట్టణాల పాఠశాలల ప్రిన్సిపాళ్ళకు, మేనేజింగ్ కమిటీల సభ్యులకు బహిరంగ లేఖ



తొమ్మిదో తరగతికి వచ్చిన పిల్లల పేర్లు ఇకమీదట బడి జట్లలో పంపేది లేదనీ, పంపమని ఎవరైనా పట్టుబడితే "మార్కులు తగ్గితే బాధ్యత మాదే" అని తల్లిదండ్రులు రాసి సంతకం పెట్టాలనీ మా అమ్మాయి చదివే బడి ఈ ఏడాది మాకు కబురు పెట్టింది. నేను సంతకం పెట్టలేదు. ఆ బడి పేరు ఇక్కడ రాయను, ఎందుకంటే ఇది ఒక్క బడి ఆలోచన కాదు. ఒకచోట కాగితం ఇస్తారు, ఇంకోచోట పేరెంట్స్ మీటింగులో మెల్లగా చెబుతారు, మరోచోట పీటీ సారు చేతే చెప్పిస్తారు. మాట మాత్రం ఒకటే: ఇంతవరకూ ఆడింది చాలు, ఇక చదువు మీద పడమనండి.

చదువు విలువ మాకు ఎవరూ చెప్పక్కర్లేదు. మా ఆయన గనిలో షిఫ్టు డ్యూటీ చేస్తారు. నైట్ షిఫ్టు దిగి వచ్చిన మనిషి కళ్ళు ఎలా ఉంటాయో బచేలిలో ప్రతి క్వార్టర్‌కీ తెలుసు. పిల్లలకు అంతకంటే మంచి బతుకు కావాలనే మేమూ కోరుకుంటాం. అయినా మీ నిర్ణయాన్ని ఒప్పుకోలేకపోతున్నాను.

మా అమ్మాయి ఆరో తరగతిలో సాఫ్ట్‌బాల్ జట్టులో చేరింది. అప్పట్లో బంతి మీదకు వస్తే కళ్ళు మూసుకుని మొహం పక్కకు తిప్పేసేది. పీటీ సారు తిట్టలేదు. సాయంత్రం పూట టెన్నిస్ బంతితో గోడకు కొట్టించి, పట్టించి, మళ్ళీ కొట్టించారు. ఏడో తరగతికి కళ్ళు తెరుచుకున్నాయి. ఎనిమిదిలో ఆమెను క్యాచర్‌గా కూర్చోబెట్టారు. ఈ ఆట చూడనివాళ్ళ కోసం చెబుతున్నాను: ఫీల్డింగ్ చేసే తొమ్మిది మందిలో మైదానం మొత్తాన్ని ఎదురుగా చూస్తూ కూర్చునేది క్యాచర్ ఒక్కరే. మిగిలిన ఎనిమిది మంది చూపూ ఆమె వైపే ఉంటుంది. ఏ బంతి వెయ్యాలో వేళ్ళతో సైగ చేసేది ఆమె, రన్నర్ రెండో బేస్ వైపు పరుగు తీస్తే లేచి విసరాల్సింది ఆమె, బంతి వేసే పిచ్చర్ చెయ్యి అలిసిపోయిందని అందరికంటే ముందు తెలిసేదీ ఆమెకే. ఆ పిచ్చర్ హాస్టల్లో ఉండి చదివే గోండు పిల్ల. ఇంట్లో ఆమెది గోండి, మా పిల్లది తెలుగు. ఇద్దరూ బయట హిందీలో మాట్లాడుకుంటారు. మైదానంలో వాళ్ళకు ఆ హిందీ కూడా అక్కర్లేదు. ఎదుటి మనిషి భుజం కాస్త వాలితే ఇక్కడ సైగ మారుతుంది. ఇది సమ్మర్ క్యాంపులో వచ్చే విద్యా? రెండు నెలల్లో వచ్చేదా? అదే ఇద్దరు పిల్లలు అదే మైదానంలో ఏళ్ళ తరబడి ఆడితేనే కదా ఆ కుదురు వచ్చేది!

సరిగ్గా అది వచ్చే వేళకు మీరు ఆపమంటున్నారు. కాపుకొచ్చిన చెట్టుకు నీళ్ళు ఆపేవాణ్ణి రైతని ఎవరూ అనరు.

స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ పోటీలు 14 ఏళ్ళలోపు, 17 ఏళ్ళలోపు, 19 ఏళ్ళలోపు అని మూడు విభాగాల్లో జరుగుతాయన్నది మీకు తెలియని సంగతి కాదు. తొమ్మిదో తరగతి పిల్లకు పద్నాలుగేళ్ళు నిండుతుంటాయి. అంటే మీ నిర్ణయంతో మూడు విభాగాల్లో రెండు మా పిల్లలకు పూర్తిగా మూసుకుపోతున్నాయి. బ్లాకు, జిల్లా, సంభాగ్, రాష్ట్రం అని మెట్లున్నాయి. బస్తర్ సంభాగ్‌లోని ఏడు జిల్లాల పిల్లలూ పోటీపడే ఆ మూడో మెట్టు మీద 17 ఏళ్ళ విభాగంలో నిలబడే అవకాశం బచేలి పిల్లకు లేదని చెప్పడానికి ఏ నియమం మీకు అధికారం ఇచ్చింది?

నియమాలు నిజానికి పిల్లల వైపే ఉన్నాయి. తొమ్మిది నుంచి పన్నెండు వరకు ప్రతిరోజూ ఆరోగ్య, వ్యాయామ విద్యకు ఒక పీరియడ్ తప్పనిసరని సీబీఎస్‌ఈ 2018లోనే చెప్పింది. సరిగ్గా మీరు ఆట ఆపించే తరగతులకే బోర్డు ఆట తప్పనిసరి చేసిందన్నమాట. ఆ పీరియడ్ మీ టైంటేబుల్లో ఉంటుంది, నేను చూశాను. ఆ గంటలో లెక్కల సారు వచ్చి సిలబస్ పూర్తి చేస్తుంటారని పిల్లలు ఇంటికొచ్చి చెబుతారు. జాతీయ, అంతర్జాతీయ పోటీల్లో ఆడే పిల్లలకు బోర్డు పరీక్షనే వేరే తేదీన పెట్టే వెసులుబాటు కూడా సీబీఎస్‌ఈ ఇచ్చింది. ఢిల్లీలో కూర్చున్న బోర్డు పదో తరగతి పరీక్షను పిల్ల కోసం జరపగలిగినప్పుడు, మీరు యూనిట్ టెస్టును నాలుగు రోజులు జరపలేరా? చదువుకూ ఆటపాటలకూ మధ్య గోడ ఉండకూడదని 2020 జాతీయ విద్యా విధానం రాసింది. దాని గురించి సెమినార్లు పెట్టిన బళ్ళలోనే ఆ గోడ ఇంకా ఎత్తవుతోంది.

ఉద్యోగం సంగతి ఎత్తితే తప్ప కమిటీల్లో మాట చెల్లదు కాబట్టి అదీ చెబుతాను. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల క్రీడా కోటాలో మొదట 43 ఆటలు ఉండేవి. 2020లో వాటిని 63 చేశారు. సాఫ్ట్‌బాల్ ఆ జాబితాలో ముందునుంచే ఉంది, దాని అన్నలాంటి ఆట బేస్‌బాల్ అప్పుడు చేరింది. జాతీయ స్కూల్ గేమ్స్‌లో రాష్ట్రం తరఫున ఆడినవాళ్ళకూ ఆ కోటాలో అర్హత ఉంది. బడి పేరు పంపకపోతే పిల్ల అక్కడిదాకా వెళ్ళేదెలా? ఆట వల్ల భవిష్యత్తు పాడవుతుందని మాకు చెబుతున్న మీరు, ఆట వల్ల వచ్చే భవిష్యత్తుకు అడ్డుపడుతున్నారని ఎప్పుడైనా ఆలోచించారా? ఇంకో మాట. 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో బేస్‌బాల్, సాఫ్ట్‌బాల్ మళ్ళీ ఉంటాయని నిర్ణయం తీసుకున్నది మన ముంబైలో, 2023 అక్టోబర్‌లో జరిగిన ఒలింపిక్ కమిటీ సమావేశంలోనే. క్రికెట్ కూడా అదే రోజు చేరింది కాబట్టి మన పత్రికలన్నీ దాని గురించే రాశాయి.

చదువు ఒత్తిడి ఉన్నా బడి ఆట ఆపని జపాన్ గురించి ఇప్పుడు. బైలదిల్లా వాళ్ళకు జపాన్ కొత్త కాదు. 1960ల చివర నుంచి ఈ కొండల ఇనుప ఖనిజం కిరందుల్-కొత్తవలస లైను మీదుగా విశాఖ రేవుకు దిగి జపాన్ ఉక్కు కర్మాగారాలకు వెళ్ళింది. ఈ లైనూ ఈ టౌన్‌షిప్పులూ ఆ వ్యాపారం పుణ్యమే. ఆ దేశంలో పరీక్షల ఒత్తిడి మనకంటే తక్కువని ఎవరూ అనలేరు. అదే దేశంలో హైస్కూళ్ళ బేస్‌బాల్ పోటీలు 1915 నుంచి జరుగుతున్నాయి. 1924లో కట్టిన కోషియెన్ స్టేడియంలో ప్రతి వేసవిలోనూ తుది పోటీలు పెడతారు, దేశమంతా టీవీల ముందు కూర్చుంటుంది. మూడు వేలకు పైగా బళ్ళు ఏటా కింది స్థాయి పోటీల్లో దిగుతాయి. అక్కడ హైస్కూలు మూడేళ్ళు. ఆఖరి ఏడు, అంటే మన పన్నెండో తరగతి పిల్లలు, ఆ ఏటి వేసవి పోటీల్లో తమ బడి ఓడేదాకా ఆడతారు. ఓడిన రోజున ఆట ముగించి పరీక్షలకు కూర్చుంటారు. ఈనాడు ప్రపంచమంతా పేరు చెప్పుకునే షోహెయ్ ఓతాని హనమాకి హిగాషి అనే బడి పిల్లవాడు. 2012లో, హైస్కూలు ఆఖరి ఏట, జిల్లాస్థాయిలాంటి పోటీలోనే అతను గంటకు 160 కిలోమీటర్ల వేగంతో బంతి వేశాడు. ఆ ఏడు వాళ్ళ బడి ఫైనల్లో ఓడిపోయి వేసవి కోషియెన్‌కు వెళ్ళనే లేదు. ఆ బడి ప్రిన్సిపాల్ మొదటి ఏడాదిలోనే "ఇక చాలు" అని ఉంటే ఆ బంతి ఎవరు వేసేవారు?

అందరూ ఓతానిలు కారు, నాకు తెలుసు. మా అమ్మాయి ఒలింపిక్స్‌కు వెళుతుందని నేను ఎక్కడా చెప్పుకోవడం లేదు. ఆరు నుంచి పన్నెండు వరకు ఒకే బడి జట్టుకు ఆడిన పిల్ల అని మాత్రం చెప్పుకోవాలని ఉంది. ఆ కోరిక తప్పా?

మన తెలుగువాళ్ళలో తల్లిదండ్రుల గర్వానికి ఒక్కటే కొలత మిగిలిపోయింది. ర్యాంకు వస్తే ఫ్లెక్సీ కడతాం, స్వీట్లు పంచుతాం, సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు పదిమందిలో చెబుతాం. పిల్ల ఎండలో రెండు గంటలు క్యాచర్ కూర్చుని బడిని గెలిపిస్తే మాత్రం "మోకాళ్ళు నల్లబడుతున్నాయే" అంటారు చుట్టాలు. అమెరికాలో ఉన్న మన బంధువుల పిల్లలు తొమ్మిది నుంచి పన్నెండు వరకు బడి పెద్ద జట్టులో ఆడితే కాలేజీ దరఖాస్తులో ఆ నాలుగేళ్ళ సంగతి ముందు వరసలో రాస్తారు. అక్కడ చాలా బళ్ళలో ఆఖరి ఏడు పిల్లలకు 'సీనియర్ నైట్' అని ఒక మ్యాచ్ ఉంటుంది. ఆరోజు తల్లీతండ్రీ పిల్లవాడి పక్కన మైదానంలోకి నడుస్తారు, మైకులో ముగ్గురి పేర్లూ చదువుతారు. బిడ్డ నాలుగేళ్ళు నిలబడినందుకు తల్లిదండ్రులకు బడి ఇచ్చే గౌరవమది. అదే మన చుట్టాలు అక్కడి నుంచి ఆ నడక ఫోటోలు పంపితే మనం మురిసిపోతాం. ఇక్కడ మన పిల్ల అదే పని చేస్తే సంతకం అడుగుతారు. అమెరికా మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో టెక్సస్ రేంజర్స్ తరఫున 2024లో అడుగుపెట్టిన కుమార్ రాకర్ తల్లి లలిత భారతీయ కుటుంబపు ఆడపడుచు. హైస్కూలు అయిపోయాక అతను వెంటనే డబ్బుకు ఆడలేదు, వాండర్‌బిల్ట్ యూనివర్సిటీలో చేరి అక్కడ ఆడాడు. చదువూ ఆటా పక్కపక్కనే నడిచిన బిడ్డలు మన రక్తంలోనూ ఉన్నారు.

మీ వైపు మాటల్లో న్యాయమైనది ఒకటి ఉంది. తల్లిదండ్రుల గర్వం హద్దు దాటితే పిల్లకే చేటు. "మావాడు ఆరో తరగతి నుంచి ఆడుతున్నాడు, ఆఖరి ఏడు వాడికి చోటు ఇవ్వాల్సిందే" అని పీటీ సారు మీద విరుచుకుపడే తండ్రులను మైదానం గట్టు మీద నేనూ చూశాను. అది తప్పు. ఎన్నేళ్ళు ఆడినా చోటు ఆ ఏటి ఆటతోనే రావాలి. చిన్న తరగతి పిల్ల మెరుగ్గా ఆడితే పెద్ద పిల్ల బెంచీ మీద కూర్చోవాలి, ఆ రోజు ఇంట్లో ఆమెకు మేం సర్దిచెప్పుకోవాలి. చేతుల సంగతి మరీ ముఖ్యం. జపాన్‌లోనే 2018 వేసవి పోటీల్లో ఒక వ్యవసాయ పాఠశాల పిచ్చర్ మొత్తం 881 బంతులు వేశాడు. దేశం చప్పట్లు కొట్టింది, ఆ తర్వాత సిగ్గుపడింది. వారంలో 500 బంతులు దాటకూడదని 2020 నుంచి వాళ్ళ హైస్కూలు ఫెడరేషన్ హద్దు పెట్టింది. బడి పని అలాంటి హద్దులు పెట్టడం. ఎన్ని బంతులు వేసిందో పీటీ సారు లెక్క రాయాలి, మోచెయ్యి నొప్పంటే ఆరోజు ఆపేయాలి, తల్లిదండ్రులు అరిస్తే గట్టిగా సమాధానం చెప్పాలి. అది చెయ్యండి, మేం మీ వెనకుంటాం. హద్దు పెట్టే శ్రమ పడలేక తలుపే మూసేస్తే ఎలా?

ఈ నిర్ణయం వల్ల నిజంగా నష్టపోయేది ఎవరో చూడండి. పదో తరగతి అవగానే పర్మనెంట్ ఉద్యోగుల పిల్లలు చాలామంది రైలెక్కుతారు. మా తెలుగు కుటుంబాల వాళ్ళు విశాఖకో విజయవాడకో హైదరాబాద్‌కో పంపుతారు, మిగతావాళ్ళు భిలాయ్‌కో కోటాకో పంపుతారు. ఇక్కడే ఉండిపోయేది కాంట్రాక్టు కార్మికుల పిల్లలు, హాస్టల్లో ఉండే ఆదివాసీ పిల్లలు. వాళ్ళకు కోచింగ్ ఫీజు లేదు, వేరే ఊళ్ళో మేనమామ ఇల్లు లేదు. వాళ్ళ చేతిలో ఉన్నది బడి జట్టు ఒక్కటే. ఆ పిచ్చర్ పిల్లను తీసుకోండి. మీరు ఆటలోంచి తీసేస్తే ఆ సాయంత్రపు రెండు గంటల్లో ఆమెకు ఏం ఇవ్వబోతున్నారు? ఫిజిక్స్ ట్యూషనా? ఎవరు చెబుతారు?

పక్క జిల్లా బీజాపూర్‌ను చూడండి. మనకంటే ఎన్నో ఇబ్బందులు పడ్డ జిల్లా అది. అక్కడి స్పోర్ట్స్ అకాడమీలో సాఫ్ట్‌బాల్ నేర్చుకున్న ఆదివాసీ పిల్లలు భారత జట్టు దాకా వెళ్ళారు. తెలంగాణలో నిజామాబాద్ జిల్లా సుద్దపల్లి గురుకులంలో దళిత, పేద కుటుంబాల ఆడపిల్లలకు సాఫ్ట్‌బాల్ అకాడమీ నడుస్తోంది. అనంతపురంలో గ్రామీణాభివృద్ధి ట్రస్టు పల్లె ఆడపిల్లల చేత ఇదే ఆట ఆడిస్తోంది. అక్కడ పిల్లలను ఏళ్ళ తరబడి ఆటలో నిలబెట్టారు. ఇక్కడ ఇనుము తవ్విన కొండ కింద చదును చేసిన మైదానం ఉంది, లైట్లున్నాయి, బస్సు ఉంది. తొమ్మిదో తరగతి పిల్లలు మాత్రం అందులో ఉండరు.

ఇంకో నష్టం మీకే. పెద్ద పిల్లలు జట్టులో లేకపోతే చిన్నపిల్లలకు నేర్పేది ఎవరు? ఒక్క పీటీ సారు ముప్పై మందికి చెయ్యి పట్టి చూపించలేరు. మా అమ్మాయికి బంతి కింద మోకాలు ఎలా వెయ్యాలో నేర్పింది అప్పటి పదకొండో తరగతి అక్క. సాఫ్ట్‌బాల్‌లో బేస్‌కూ బేస్‌కూ మధ్య 60 అడుగులు, పెద్దయ్యాక బేస్‌బాల్‌కు మారే మగపిల్లలకు అది 90 అడుగులు. ఆ దూరానికి చెయ్యి ఎలా అలవాటు చెయ్యాలో చిన్నవాళ్ళు అన్నలను చూసే నేర్చుకుంటారు. అన్నలూ అక్కలూ లేని జట్టు ఏటా అక్షరాభ్యాసం దగ్గరే ఉండిపోతుంది. రెండో రౌండులో ఓడిపోయి వస్తుంది. అప్పుడు "చూశారా, మన పిల్లలకు ఆటలు రావు" అంటారు.

మేం అడిగేది పెద్ద ఖర్చు పని కాదు. పన్నెండో తరగతి దాకా ఆడాలనుకునే ప్రతి పిల్ల పేరూ పంపండి. సంతకాల కాగితం వెనక్కి తీసుకోండి. పోటీలకు వెళ్ళిన పిల్లలకు యూనిట్ టెస్టు తిరిగి పెట్టండి, ఆ రోజుల హాజరు కొయ్యకండి. వ్యాయామ పీరియడ్‌ను వ్యాయామానికే వదలండి. ఏటా ఆఖరి మ్యాచ్‌కు పన్నెండో తరగతి క్రీడాకారుల అమ్మానాన్నలను పిలవండి. సెకండ్ షిఫ్టు ఉన్న తండ్రి కూడా రాగలిగేలా పొద్దున పెట్టండి. ర్యాంకులు రాసే బోర్డు పక్కనే, బడి తరఫున ఎవరు ఎన్నేళ్ళు ఆడారో రాసే బోర్డు ఒకటి పెట్టండి. కాంట్రాక్టు కార్మికుడు తన పిల్ల పేరు చదువుకోవడానికి బడి గేటు దాటి లోపలికి వచ్చే కారణం ఒకటి ఉండనివ్వండి.

కమిటీల్లో కూర్చున్న తోటి తల్లిదండ్రులకు కూడా నా మనవి: వచ్చే మీటింగులో ఈ విషయం అజెండాలో పెట్టించండి. బ్లాకు పోటీలకు పేర్లు పంపే గడువు దగ్గర పడుతోంది. మా అమ్మాయి పేరు, ఆ పిచ్చర్ పేరు, ఆ జట్టులోని తొమ్మిది, పది, పదకొండు, పన్నెండు తరగతుల పిల్లలందరి పేర్లూ ఆ జాబితాలో ఉండాలి.

ఇట్లు,
ఒక సాఫ్ట్‌బాల్ క్రీడాకారిణి తల్లి,
బచేలి, దంతేవాడ జిల్లా.